తెల్లకోటు వేసుకున్న రచ్చకట్ట

(వాడ మాట – 11)



పోయిన భాగం చదివి కర్నూలు నుంచి ఒక నర్సింగ్ విద్యార్థిని, కడప నుంచి ఒక హౌస్ సర్జన్ తమ్ముడు మెసేజ్ పెట్టినారు. వాళ్ళిద్దరికీ పరిచయం లేదు. అడిగింది మాత్రం ఒకటే. "అన్నా, డ్యూటీలో అందరి ముందర కులం ఎత్తి అవమానిస్తే ఎవరికి చెప్పుకోవాల? చెప్పుకుంటే ఏమవుతుంది?"

రెండో ప్రశ్నకే ముందు జవాబు చెప్తా. చెప్పుకుంటే పంచాయితీ పెడతారు.

రచ్చకట్ట పంచాయితీ ఎట్లుంటుందో సీమలో పుట్టినోళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. వాడ పిల్లోణ్ని ఊరి పిల్లోడు కొడతాడు. సాయంత్రానికి పెద్దమనిషి ఇద్దర్నీ పిలిపిస్తాడు. ఒకడు కట్ట మీద కూర్చుంటాడు, ఇంకొకడు చేతులు కట్టుకొని కింద నిలబడతాడు. "ఇద్దరిదీ తప్పుంది లేరా. ఒకే ఊర్లో బతకాల్సినోళ్ళు. నువ్వే ఒక మెట్టు దిగు" అని తీర్పు. స్టేషన్లో కాగితం పడకుండానే కథ ముగుస్తుంది. దాని పేరు రాజీ.

ఆసుపత్రిలో కట్ట ఉండదు, హెచ్‌ఓడీ రూమ్ ఉంటుంది. అక్కడ ఏసీ ఉంటుంది, టీ వస్తుంది. "ఇది మీ ఇద్దరి మధ్య గొడవ. డిపార్ట్‌మెంట్ పేరు పోతుంది. సీనియర్లన్నాక ఒక మాట అంటారు, మేమూ పడి వచ్చినోళ్ళమే. నీ కెరీర్ చూసుకోమ్మా" అంటారు. బయటికి వచ్చేసరికి ఫిర్యాదుకు నంబరు లేదు, విచారణ లేదు. మర్నాడు అదే సీనియర్ కింద అదే డ్యూటీ. దీని పేరు కౌన్సెలింగ్.

ఈ భాగంలో నేను చెప్పదల్చుకున్నది ఒక్కటే. ఆసుపత్రిలో జరిగే కుల వేధింపుకు 'గొడవ' అని పేరు పెట్టినప్పుడే సగం అన్యాయం జరిగిపోతుంది. గొడవ అంటే ఇద్దరి చేతుల్లోనూ ఏదో ఒక బలం ఉండాల. మరి డ్యూటీ చార్టు రాసేది ఎవరు? లాగ్‌బుక్ మీద, థీసిస్ మీద సంతకం పెట్టేది ఎవరు? ప్రాక్టికల్ పరీక్షలో మార్కులు వేసేది ఎవరు? నర్సుకు మెమో ఇచ్చేది ఎవరు? ఔట్‌సోర్సింగ్ స్వీపరమ్మను రేపటి నుంచి రావద్దనే ఏజెన్సీకి ఫోన్ కొట్టేది ఎవరు? ఈ ఐదింటికీ జవాబు ఒకే వైపున ఉంటే అది గొడవ కాదు, పెత్తనం. పెత్తనానికి రాజీ కుదిర్చేటోడు పెత్తందారు వైపే ఉన్నట్టు.

ఊరికే అంటున్నానా? తేదీలు చూడండి.

2018, తిరుపతి. మన సీమలోనే. ఎస్వీ మెడికల్ కాలేజీలో పిల్లల వైద్యం పీజీ చదివిన డాక్టర్ శిల్ప ప్రొఫెసర్లు వేధిస్తున్నారని ఏప్రిల్‌లో గవర్నర్‌కు ఫిర్యాదు చేసింది. గవర్నర్ దాకా పోయిందంటే కింద ఎన్ని తలుపులు మూసుకున్నాయో ఆలోచించండి. ఆగస్టులో ఆమె ప్రాణం తీసుకుంది. ప్రిన్సిపాల్‌ను మార్చడం, కేసు సీఐడీకి ఇవ్వడం అన్నీ ఆ తర్వాతే. ఈడ శిల్ప కులమేందని నేను అడగను. మెడికల్ కాలేజీలో ప్రొఫెసర్ పెత్తనం ఎవరి మీదైనా పడుతుంది. దానికి కులం తోడైతే ఏమవుతుందో తర్వాతి రెండు కేసులు చెప్తాయి.

2019 మే 22, ముంబై. నాయర్ ఆసుపత్రిలో గైనిక్ పీజీ డాక్టర్ పాయల్ తడ్వీ. తడ్వీ భిల్లు ఆదివాసీ బిడ్డ. సీనియర్లు కులం పేరుతో చులకన చేస్తున్నారని, ఆపరేషన్లకు రానివ్వట్లేదని ఇంట్లో చెప్పుకుంది. ఇంటోళ్ళు పోయి డిపార్ట్‌మెంట్‌లో చెప్పినారు. ఆమె చనిపోయిన తర్వాతే ముగ్గురు సీనియర్ల మీద కేసు పడింది. అదే ఏడాది పాయల్ తల్లి ఆబెదా తడ్వీ, మన రోహిత్ తల్లి రాధిక వేముల కలిసి సుప్రీంకోర్టు తలుపు తట్టినారు. కాలేజీల్లో కుల వివక్షను ఆపడానికి యూజీసీ 2012లో పెట్టిన నిబంధనలనైనా అమలు చేయించండని అడిగినారు. బిడ్డల్ని పోగొట్టుకున్న ఇద్దరు తల్లులు, ఉన్న రూలునే అమలు చేయమని కోర్టుకు పోవాల్సి వచ్చింది.

2023 ఫిబ్రవరి, వరంగల్. కాకతీయ మెడికల్ కాలేజీలో మత్తు వైద్యం పీజీ మొదటి సంవత్సరం డాక్టర్ ప్రీతి. తండా నుంచి వచ్చిన లంబాడా బిడ్డ. సీనియర్ వేధిస్తున్నాడని ఆమె ఇంట్లో చెప్పింది. తండ్రి పోలీసుల దాకా తీసుకుపోయినాడు. 21న డిపార్ట్‌మెంట్‌లో పిలిపించి మాట్లాడినారు. అదే కౌన్సెలింగ్. 22 తెల్లవారి ఎంజీఎం ఆసుపత్రిలో ఆమె స్పృహ లేకుండా దొరికింది. 26న హైదరాబాద్ నిమ్స్‌లో చనిపోయింది. వాట్సాప్ గ్రూపులో ఆమె పనిని చులకన చేస్తూ రాసిన మాటల గురించి తర్వాత పోలీసులే చెప్పినారు. సీనియర్ మీద ఎస్సీ, ఎస్టీ చట్టం, ర్యాగింగ్ చట్టం పెట్టినారు.

ఎవరు దోషి అని తేల్చేది కోర్టు. నేను అడిగేది వేరే. 22న వర్తించిన చట్టాలు 21న యాడికి పోయినాయి? ర్యాగింగ్ నిషేధ చట్టం ఉమ్మడి రాష్ట్రంలో 1997 నుంచి ఉంది. ఎస్సీ, ఎస్టీ చట్టం 1989 నుంచి ఉంది. మెడికల్ కాలేజీల్లో ర్యాగింగ్ మీద జాతీయ వైద్య కమిషన్ 2021లో వేరేగా నిబంధనలే తెచ్చింది. పుస్తకంలో ఇన్ని ఉన్నా బతికున్న ప్రీతికి దొరికింది ఒక మీటింగు. చట్టం దొరకడానికి ఆమె చావాల్సి వచ్చింది.

మన బిడ్డలు మాట్లాడితే అది గొడవ. చనిపోతే అది కేసు. ఈ లెక్కను మార్చకుండా ఎన్ని కొవ్వొత్తులు వెలిగించినా లాభం లేదు.

డాక్టరైనాక, ఉద్యోగం వచ్చినాక అంతా సర్దుకుంటుంది అనుకునే తమ్ముళ్ళకు నర్సీపట్నం డాక్టర్ సుధాకర్‌ను గుర్తు చేస్తా. ఇరవై ఏళ్ళ సర్వీసు ఉన్న దళిత మత్తు డాక్టర్. 2020 ఏప్రిల్‌లో, కరోనా మొదలైన రోజుల్లో, మాస్కులు ఇవ్వట్లేదని, ఒక్క ఎన్-95 మాస్కునే పదిహేను రోజులు వాడమంటున్నారని నోరు తెరిచినాడు. సస్పెండ్ చేసినారు. మే 16న విశాఖ రోడ్డు మీద చొక్కా లేకుండా, చేతులు వెనక్కి కట్టేసి, కానిస్టేబుల్ లాఠీతో కొట్టిన దృశ్యం దేశమంతా చూసింది. తాగి గొడవ చేసినాడు అన్నారు పోలీసులు. చూడండి, మళ్ళీ అదే మాట, గొడవ! ఆ తర్వాత మానసిక ఆసుపత్రికి పంపినారు. హైకోర్టు సీబీఐకి అప్పగించింది. 2021 మే 21న ఆయన గుండెపోటుతో పోయినాడు. మాస్కు అడగడం ఆయన తనొక్కడి కోసం కాదు, ఆపరేషన్ టేబుల్ మీదున్న రోగి కోసం కూడా. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సినోళ్ళు, అడిగినోడి బుర్రనే పరీక్షకు పంపినారు.

ఊర్లో పెత్తందారు చేతిలో కర్ర ఉంటుంది. ఆఫీసులో పెత్తందారు చేతిలో పెన్ను ఉంటుంది. ఆ పెన్ను ఎంత దూరం పోతుందో ఒక్క ఉదాహరణ చెప్తా. మహారాష్ట్ర, కరాడ్‌లోని ప్రభుత్వ ఫార్మసీ కాలేజీలో ఒక దళిత స్టోర్‌కీపర్. పై అధికారులు ఆయన రహస్య నివేదికలో, మనం ఏసీఆర్ అంటామే అందులో, నిజాయితీ మీద, నడవడిక మీద చెడ్డగా రాసినారు. ఆయన ఊరుకోలేదు, అట్రాసిటీ కేసు పెట్టినాడు. ఆ అధికారుల మీద విచారణకు పైవాళ్ళు అనుమతి ఇవ్వలేదు. అనుమతి ఇవ్వనోడి మీదా కేసు పెట్టినాడు. అది సుప్రీంకోర్టు దాకా పోయింది. 2018 మార్చి 20న వచ్చిన తీర్పు ఆయనకు న్యాయం చేయకపోగా మొత్తం చట్టం పళ్ళే పీకింది. ప్రాథమిక విచారణ చేయొచ్చు, అరెస్టుకు పైనుంచి అనుమతి కావాల అంది. ఏప్రిల్ 2 భారత్ బంద్ అందుకే జరిగింది. ఉత్తరాదిలో మనోళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అదే ఏడాది పార్లమెంటు 18ఏ సెక్షన్ తెచ్చి చట్టాన్ని మళ్ళీ నిలబెట్టింది. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకుంది.

ఆ బంద్‌లో జెండా పట్టుకొని తిరిగిన మనలో ఎంతమందికి తెలుసు, దాని మూలం ఒక కాలేజీ స్టోర్ రూమ్‌లో ఉద్యోగి మీద రాసిన రెండు మాటలని? అందుకే "ఏముందిలే, చిన్న మెమోనే కదా" అనే మాట ఇంకోసారి అనొద్దు.

ఇప్పుడు వాళ్ళ వాదనలకు వస్తా. రెండున్నాయి.

ఒకటి మెరిట్. "కోటాలో వచ్చినోళ్ళు, పని రాదు, అందుకే తిడతాం." సీటు దగ్గర కటాఫ్ వేరు కావచ్చు. ఎంబీబీఎస్ ఫైనల్‌లో, ఎండీ, ఎంఎస్ పరీక్షలో మన పిల్లలకు వేరే పేపరు ఉందా? వేరే పాస్ మార్కు ఉందా? లేదు. ఎన్ఆర్ఐ కోటాలో, మేనేజ్‌మెంట్ కోటాలో కోటి పెట్టి కొన్నోణ్ని వార్డులో "ఏం రా మేనేజ్‌మెంట్" అని ఎవరైనా పిలిచినారా? 2023లో సీట్లు మిగిలిపోతున్నాయని కేంద్రం నీట్ పీజీ కటాఫ్‌ను అన్ని కేటగిరీలకూ సున్నా పర్సంటైల్‌కు దించింది. ఆరోజు మెరిట్ చచ్చిపోయిందని ఏ ప్రొఫెసర్ ధర్నా చేసినాడు? మెరిట్ అనేది వాళ్ళకు కొలబద్ద కాదు, తిట్టు. మనల్ని చూసినప్పుడే గుర్తుకొస్తుంది. 2007లో ఢిల్లీ ఎయిమ్స్ మీద సుఖదేవ్ థోరాట్ కమిటీ ఇచ్చిన నివేదిక చదవండి. హాస్టల్ గదుల దగ్గర నుంచి టీచర్లు మాట్లాడే తీరు దాకా కులం ఎట్లా నడిచిందో అందులో ఉంది. దేశంలోనే అందరికన్నా మెరిట్ ఉన్నోళ్ళు కూర్చునే చోటది.

రెండోది కఠినత్వం. "ఇది ప్రాణాలతో పని. గట్టిగా ఉండకపోతే జూనియర్ నేర్చుకోడు." సరే, ప్రాణాల లెక్కే వేద్దాం. రాత్రి రెండు గంటలకు ఐసీయూలో ఒక రోగికి ఆక్సిజన్ పడిపోతుంటుంది. జూనియర్‌కు అనుమానం వస్తుంది. సీనియర్‌కు ఫోన్ చేయాల. చేస్తే "ఇది కూడా తెలీదా, ఎట్లొచ్చినావు రా సీటు" అంటాడని తెలుసు. పది నిమిషాలు ఆలోచిస్తాడు. ఆ పది నిమిషాలు ఎవరివి? ఆదోని, ఆలూరు, పత్తికొండ నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి, బద్వేలు, మైదుకూరు, రాయచోటి నుంచి కడప రిమ్స్‌కు వచ్చేది ఎవరు? కార్పొరేట్ ఆసుపత్రికి పోలేని మన అమ్మానాయనలే కదా. భయపడే జూనియర్ మంచి డాక్టర్ కాడు, తప్పును దాచే డాక్టర్ అవుతాడు. గట్టిగా నేర్పించడం వేరు, కులం ఎత్తి తిట్టడం వేరు. నేర్పేటోడు తప్పును చూపిస్తాడు, తిట్టేటోడు పుట్టుకను చూపిస్తాడు.

ఇంకో మాట. నియమాల మీద అంత ప్రేముంటే డ్యూటీ గంటల దగ్గర చూపించండి. రెసిడెంట్ డాక్టర్లకు మామూలుగా వారానికి 48 గంటలు మించొద్దని కేంద్రం రెసిడెన్సీ స్కీములో 1992లోనే రాసింది. ఏ డిపార్ట్‌మెంట్ గోడకు ఆ కాగితం అంటించినారు?

ఇదంతా డాక్టర్ల కథేనా? కాదు. ఆసుపత్రి ఒక ఊరు లాంటిది. అందులోనూ మెట్లున్నాయి. నర్సు పనిని ఒకప్పుడు ఎవరూ ముట్టుకోలేదు. రక్తం, చీము, మలం ఎత్తే పనికి పైకులాల ఆడోళ్ళు రాలేదు. కాన్పు చేసి మైల బట్టలు ఉతికిన మంత్రసానులు ఏ కులాలోళ్ళో అందరికీ తెలుసు. జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రి లాంటి మిషన్ ఆసుపత్రులు తలుపు తెరిస్తే మన క్రైస్తవ వాడల నుంచి ఆడబిడ్డలు తెల్లచీర కట్టి ఆ పని ఎత్తుకున్నారు. ఇప్పుడు అదే పనికి ప్రభుత్వ జీతం వచ్చేసరికి అందరికీ అది గౌరవమైన ఉద్యోగమైంది. కాని మన నర్సక్కను చూస్తే "మీ వాళ్ళకు ఈ పని అలవాటే కదా" అనే మాట మాత్రం పోలేదు.

అంబేద్కర్ తన వీసా పుస్తకంలో కాఠియావాడ్ సంగతి ఒకటి రాసినాడు. 1929 నాటిది. కాన్పయి జబ్బు పడిన దళిత టీచర్ భార్యను డాక్టర్ ముట్టుకోలేదు. థర్మామీటరు ఒక ముస్లిం చేతికిచ్చి, అతని చేత భర్తకిప్పించి, భర్త చేత ఆమెకు పెట్టించినాడు. ఆమె బతకలేదు. ఆరోజు కులం డాక్టర్‌కూ రోగికీ మధ్య నిలబడింది. ఈరోజు రోగిని ముట్టుకుంటున్నారు, సంతోషం. కాని స్టాఫ్ రూమ్‌లో టిఫిన్ బాక్సు తెరిచేటప్పుడు, ఆపరేషన్ చేసే అవకాశం ఇచ్చేటప్పుడు, ఎవరు ఏ టేబుల్ దగ్గర నిలబడాలో చెప్పేటప్పుడు ఆ థర్మామీటరు ఇంకా చేతులు మారుతూనే ఉంది.

ఒక ఔట్‌సోర్సింగ్ శానిటేషన్ అమ్మ నాతో చెప్పిన మాట ఇది. ఏ ఆసుపత్రో చెప్పను, చెప్తే ఆమె పని పోతుంది. "పేరు పెట్టి పిలవరు నాయనా. ఏమే, ఓమే, అంతే. పదేండ్లయింది. నా పేరు ఆడ ఎవురికీ తెల్దు." పదేళ్ళు ఒక మనిషి పేరు తెలుసుకోని చోటును మనం వైద్యాలయం అంటున్నాం.

మన వాళ్ళకూ ఒక మాట చెప్పాల. దళిత డాక్టర్ సార్లూ, మీకు జరిగినప్పుడు మేము రోడ్డు మీదకు వస్తాం, రావాలి కూడా. మరి మీ వార్డులో ఆ అమ్మను "ఏమే" అన్నప్పుడు మీరు ఫోన్ చూసుకుంటున్నారు కదా? రోగి బంధువు డాక్టర్ మీద చేయి ఎత్తితే ఓపీ ఆగిపోతుంది. దానికి 2008లో వేరే చట్టమే వచ్చింది. 2024 ఆగస్టులో కలకత్తా ఆర్జీకర్‌లో ఆ డాక్టరమ్మకు జరిగిన ఘోరానికి దేశమంతా ఆసుపత్రులు ఆగినాయి. అది న్యాయమే. కాని సూపర్‌వైజర్ స్వీపరమ్మను బూతులు తిట్టినందుకు, హెచ్‌ఓడీ నర్సమ్మను రోగుల ముందర ఏడిపించినందుకు ఒక్క పూట ఓపీ ఆగిందా? బయటోడు కొడితే దాడి, లోపలోడు కొడితే క్రమశిక్షణ. ఈ తేడాను ముందు మనం ఒప్పుకోకూడదు.

ఇప్పుడు మొదటి ప్రశ్న. ఎవరికి చెప్పుకోవాల?

మొదట కాగితానికి చెప్పండి. అదే రోజు రాయండి. తేదీ, టైము, వార్డు, అన్న మాట అన్నట్టుగానే, పక్కన ఎవరున్నారో. మాటను మర్యాదగా మార్చొద్దు, బూతైతే బూతే రాయండి. వాట్సాప్ మెసేజ్‌లను తేదీ కనపడేట్టు స్క్రీన్‌షాట్ తీసి ఇంకో చోట దాచండి.

తర్వాత ఫిర్యాదు రెండు కాపీలు. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ఇన్‌వర్డ్ నంబరు, ముద్ర వేయించుకోండి. వేయకపోతే స్పీడ్ పోస్టు, మెయిల్. నోటితో చెప్పింది ఆఫీసులో చెప్పనట్టే లెక్క.

కౌన్సెలింగ్‌కు పిలిస్తే ఒంటరిగా పోవద్దు. "ఇది రాతపూర్వక ఫిర్యాదు, విచారణ కావాలి, మీటింగులో మాట్లాడింది మినిట్స్ రాయండి" అని అడగండి. రాయమంటే చాలా పంచాయితీలు అక్కడే ఆగిపోతాయి.

ఎస్సీ, ఎస్టీ చట్టంలో 3(1)(ఆర్), 3(1)(ఎస్) గుర్తు పెట్టుకోండి. జనం కంటపడే చోట కావాలని అవమానించడం, కులం పేరుతో తిట్టడం నేరం. నాలుగు గోడల మధ్య, బయటి మనిషి లేని చోట అన్నది దీని కిందికి రాదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. తెలివైనోడు రూమ్‌లోకి పిలిచి తిట్టేది అందుకే. కాబట్టి ఓపీలో, వార్డులో జరిగినప్పుడు సాక్షుల పేర్లు వదలొద్దు. ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని 18ఏ చెప్తుంది. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాల. బాధ్యత ఎగ్గొట్టిన ప్రభుత్వ ఉద్యోగి మీద 4వ సెక్షన్ ఉంది. లైంగిక వేధింపైతే 2013 చట్టం కింద అంతర్గత కమిటీ ఉండాల, అది ఔట్‌సోర్సింగ్ అక్కలకూ వర్తిస్తుంది.

ఫోన్లు రాసుకోండి. అట్రాసిటీ హెల్ప్‌లైన్ 14566. ర్యాగింగ్ 1800-180-5522. మనసు మరీ బరువైపోతే, రాత్రి ఎంత పొద్దుపోయినా టెలీ మానస్ 14416. దాంట్లో సిగ్గుపడేది ఏమీ లేదు. మీరు బతికుండటమే మనకు మొదటి సాక్ష్యం.

ఇవి ఒక్కొక్కరు చేసేవి. అందరం కలిసి అడగాల్సినవి కూడా ఉన్నాయి. ఫిర్యాదు ఇచ్చిన రోజే, ఫిర్యాదు ఎవరి మీద ఉందో ఆయన చేతిలోంచి ఆ మనిషి డ్యూటీ చార్టు, లాగ్‌బుక్, మార్కులు తీసేయాల. ఫిర్యాదు చేసినోళ్ళను బదిలీ చేసే పద్ధతి ఆగాల. విచారణ కమిటీలో ఆ డిపార్ట్‌మెంట్ మనిషి ఉండకూడదు, బయటి నుంచి ఎస్సీ, ఎస్టీ సభ్యులు ఉండాల. గడువు పెట్టాల, ఆ గడువు ఆసుపత్రి గోడ మీద రాయాల. కర్నూలులో, కడపలో పీజీలు, నర్సులు, శానిటేషన్ కార్మికులు ఒకే అర్జీ మీద సంతకం పెట్టాల. ఆ మూడు సంతకాలు ఒకే కాగితం మీద పడిన రోజు ఏ సూపరింటెండెంటూ దాన్ని 'ఇద్దరి మధ్య గొడవ' అనలేడు.

కర్నూలు మెడికల్ కాలేజీ 1950ల్లో వచ్చింది. కడప రిమ్స్ 2006లో వచ్చింది. కరువు సీమలో కూలికి పోయిన అమ్మానాయనలు, కడుపు కట్టుకొని మనల్ని ఆ గేట్ల దాకా పంపినారు. లోపలికి పోయింది పెద్దమనుషుల ముందర చేతులు కట్టుకోవడానికి కాదు. కారంచేడు తర్వాత మన పెద్దలు చీరాల శిబిరంలో కూర్చొని రాజీకి ఒప్పుకోలేదు. అప్పుడు వాళ్ళకు డిగ్రీలు లేవు, స్టెతస్కోపులు లేవు. మనకు ఉన్నాయి.

రాజీ వద్దు. నంబరు కావాల, విచారణ కావాల, తీర్పు కావాల.

వచ్చే భాగంలో ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీల గురించి, జీతం కోతల గురించి. మీ దగ్గర జీతం చీటీలుంటే పంపండి, పేర్లు బయటికి రావు.

జై భీమ్.